మిరపనారు ముట్టిన చేతులు

మా అత్త ఐలవ్వ నోట్లో పండ్లు పీకుతారన్న సంగతి నాకు ఆదివారం పొద్దున తెలిసింది. చెప్పింది పక్కింటి కిష్టవ్వ. చెప్పి, గడపలో కాలు కూడా పెట్టకుండా వెళ్లిపోయింది.

మెట్‌పల్లి పక్కన మా ఊళ్లో బాణామతి చేశారని ఎవరి మీద అనుమానం పడినా అదే శిక్ష. పండ్లు లేకపోతే నోట్లో మంత్రం పలకదట. రెండేళ్ల కింద రాజంకు అలాగే పీకారు. ఆరు నెలలు గంజి తాగి బతికాడు, తర్వాత అదీ లేదు. ఇప్పుడు మంగళవారం అత్త వంతు.

దీనికంతా కారణం బాలమల్లు మిరపతోట. నెల కింద అత్తా నేనూ కూలికి పోయి అందులో నారు నాటాం. సద్ది తింటున్న అత్తను బాలమల్లు కసిరి లేపాడు. మా ముసలిదాని నోరు ఊరుకుంటుందా, "నీ చేన్ల మన్ను వడ" అనేసింది. ఇప్పుడు మేమిద్దరం నాటిన సాళ్లన్నీ ఆకుల మీద మచ్చలు పడి, ముడుచుకుని, ఎదుగూ బొదుగూ లేకుండా నిలిచిపోయాయి. వేరేవాళ్లు నాటిన సాళ్లు నిగనిగలాడుతున్నాయి.

"నీ నోరు కుట్టెయ్యాలె అత్తా" అన్నాను. భయానికి నాకు కోపమే వస్తుంది.

"కుట్టుడెందుకే, వాళ్లే పీకుతరంట కద" అంది. అడకత్తెరతో వక్క కత్తిరిస్తూనే ఉంది.

మా ఆయన హనుమండ్లు సోలాపూర్‌లో మగ్గం పనికి పోయాడు. ఉత్తరం చేరేలోపు అంతా అయిపోతుంది. సోమవారం తెల్లారకముందే లేచి, ఏడు మైళ్లు నడిచి, పంచాయతీ సమితి ఆఫీసులో, పంటల సంగతి చూసే గ్రామసేవక్ రామచంద్రం సార్ కాళ్ల మీద పడ్డాను. చేను చూసి, ఇది రోగమే గాని మంత్రం కాదని నలుగురిలో చెప్పండి, అంతే చాలు అన్నాను. పాపం, మంచి మనిషి. నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని వచ్చాడు.

అప్పటికే చేనుగట్టున సగం ఊరు పోగై ఉంది. అత్తను కూడా తెచ్చి నిలబెట్టారు. బాలమల్లు చేతిలో పటకారు ఉంది. మంగళవారం దాకా ఆగేలా లేడు.

సార్ ఒక ఆకు తెంపి ఎండకు పట్టి చూపించాడు. "ఇది వైరస్ తెగులు. ఆకంటే ఒక్క ముక్క కాదు, కంటికి కానరాని వేల అరలు. అరకు అరకు నడుమ గోడల సన్నటి దారులుంటయి. తిండి గా దార్లెంటనే పోతది, మొక్క గట్లనే పెరుగుతది. తెగులు గూడ గవే దార్లు వడుతది. ఒక్క అరల జొరవడ్డదంటే పక్క అరకు, ఆడికెల్లి ఈనెలకు, ఇగ చిగురు దాక. చిగురు చెడితే ఎదుగుడు బంద్."

"మొట్టమొదటి అరల ఎవలు వెట్టిన్రు సార్?" అన్నాడు బాలమల్లు.

తనకు బాగా తెలిసిన ప్రశ్నే అడిగినందుకు సార్ సంబరపడ్డాడు. "గిది పొగాకుల ఉంటది. ఎండిన పొగాకుల గూడ సావదు. బీడీలు చేసిన చేతులు కడుక్కోకుంట నారు వట్టుకుంటె, లేత ఆకు జర నలుగుతది. ఆ నలిగిన కాడ లోపలికి పోతది. గీ సాళ్లు నాటినోళ్లల్ల బీడీలు చేసేది ఎవలు?"

అత్త బీడీలు చెయ్యదు, చూపు ఆనదు. చేసేది నేను. నాట్లనాడు పొద్దున కూడా చేశాను. ఆలస్యమవుతుందని చేతులు చీరకు తుడుచుకుని పరుగెత్తాను. అత్తకు నారు అందించిందీ ఆ చేతులతోనే. ఇది చెప్తే అత్త బయటపడుతుంది. నాకు అంతవరకే తోచింది.

"నేనే సార్" అని చేతులు చాపాను.

బాలమల్లు జనం వైపు తిరిగాడు. "ఇన్నరు కద, సర్కారాయనే చెప్పిండు. ముసల్ది నోటితోని చేసింది, కోడలు చేతులతోని చేసింది. ఇంట్ల ఇద్దరు నేర్సిన్రు."

"అట్ల కాదు, సబ్బుతోని కడుక్కుంటె అయిపోతది" అంటూనే ఉన్నాడు సార్. ఎవరూ ఆయన మాట వినలేదు. ఇద్దరు నా రెక్కలు వెనక్కి విరిచి పట్టుకున్నారు. బాలమల్లు తమ్ముడు వెంకటి నా దవడలు నొక్కి నోరు తెరిచాడు. అతని వేళ్లకున్న మట్టి నా నాలుకకు తగిలింది. దేవుడా, అంత భయం నేనెప్పుడూ పడలేదు.

"దాన్ని ఇడువున్రి" అంటూ అత్త ముందుకొచ్చింది. "దానికేం రాదు. మంత్రం నాకొక్కదానికే వస్తది. నేనే చేసిన."

నన్ను వదిలేశారు. అబద్ధమని అరవబోయాను.

అత్త నా వైపు తిరిగి "నోర్మూస్కోయే" అంది. కాపురానికి వచ్చిన ఆరేళ్లలో ఆ మాట రోజుకోసారైనా అని ఉంటుంది. నేను ఒక్కనాడూ మూసుకోలేదు. ఆ రోజు మూసుకున్నాను.