నలభై మూడో వాల్వు

రెండు మున్సిపాలిటీలనీ ఒకటి చేస్తున్నామని గోడ మీద నోటీసు అంటించిన రోజు, పెద్దూరి బస్సు ఇక మన వీధిలోకి వస్తుందా రాదా అని ఊరంతా వాదించుకుంది. అందరూ నీళ్ళాయన అని పిలిచే మనిషి మాత్రం ఆ నోటీసులో కిందెక్కడో ఉన్న ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాడు. "నీటి సరఫరా సూపర్‌వైజర్: ఒక పోస్టు."

పోస్టు ఒకటి, మనుషులు ఇద్దరు. చిన్న మున్సిపాలిటీలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ పని చేస్తున్నది తను. పెద్ద మున్సిపాలిటీలో చేస్తున్నది సాక్షాత్తూ తన వియ్యంకుడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ కత్తులు రెండూ చుట్టాలు కూడాను.

"ఏం భయం లేదే," అన్నాడు భార్యతో. "మన ఊరి వాల్వులు ఎక్కడెక్కడున్నాయో ఏ కాగితం మీదా లేదు. నా బుర్రలో ఉంది. నన్ను తీసేస్తే ఊరు గొంతు ఎండి చస్తుంది."

"ఆ బుర్రని కాస్త జాగ్రత్తగా మోసుకు తిరగండి. ఎవరైనా బావగారూ అని పిలిస్తే చాలు, తీసి చేతిలో పెట్టేస్తారు."

ఆవిడ నోటివాక్కు వృథా పోలేదు. ఆ ఆదివారమే వియ్యంకుడు దిగాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. కుర్చీలో కూర్చుని టీ తాగి, గోడ మీద పెళ్ళి ఫొటో వైపు ఓసారి చూసి, అప్పుడు విషయంలోకి వచ్చాడు.

"బావగారూ, మనలో మనకేంటి. లైన్ల మ్యాపు కావాలంటున్నారు పైవాళ్ళు. మీరు గీసివ్వండి, ఇద్దరి పేరు మీదా పంపిద్దాం. పోస్టు ఒకటైతే ఏం, ఆ కుర్చీని అటూ ఇటూ మనమే పట్టుకుని కూర్చుందాం."

వంటింట్లోంచి గిన్నె చప్పుడొకటి గట్టిగా వినిపించింది. నీళ్ళాయనకి అర్థమైంది, కానీ పిల్లనిచ్చుకున్నవాడి మెడ ఎప్పుడూ కాస్త వంగే ఉంటుంది. కాదంటే ఆ ముఖం మాడడం తనకి కనపడదు, రోజూ పొద్దున్నే ఆ ముఖానికి కాఫీ అందించే కూతురికి కనపడుతుంది. సరేనన్నాడు.

ఆయన చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగింది. మ్యాపు గీయడమంటే ఆయనకి తెలిసిన పద్ధతి ఒకటే. వాల్వు తిప్పే పొడుగాటి ఇనప రాడ్డుని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మణికట్టు గాలిలో తిరిగేది. "స్కూలు ముందుది పదకొండు చుట్లు, చివర్లో బిగుసుకుంటుంది. మిట్టవీధి మలుపుది తొమ్మిదిన్నర." చెయ్యి చెప్పింది బుర్ర వినేది, బుర్ర విన్నది కాగితం మీద చుక్కయ్యేది. నాలుగు రోజులకి నలభై రెండు చుక్కలు పడ్డాయి.

ఉన్నవి నలభై మూడు.

మిగిలింది ఆయన రోజూ హాజరు వేసుకునే ఆఫీసు వెనక పెరట్లోనే, పూలకుండీల కింద ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఒకసారి పూర్తిగా తెరిచి వదిలేశాడు, మళ్ళీ తిప్పే అవసరమే రాలేదు. తిప్పని వాల్వు ఆ చేతికి గుర్తులేదు.

నెల తిరక్కుండా లిస్టు వచ్చింది. సూపర్‌వైజర్ వియ్యంకుడు. మ్యాపు కింద సంతకం కూడా ఆయన ఒక్కడిదే. "ప్రతి వాల్వూ స్వయంగా తిరిగి సరిచూసినాను" అని దాని మీద రాసి ఉందట. నీళ్ళాయనకి పార్కు గేటు దగ్గర డ్యూటీ వేశారు. పొద్దున తాళం తియ్యాలి, సాయంత్రం వెయ్యాలి.

"నలభై వాల్వుల మొనగాడికి ఒక్క తాళమా!" అని భార్య నవ్వబోయి, ఆయన ముఖం చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇనప రాడ్డు అప్పగించి వచ్చిన రోజు అన్నం కెలికి లేచిపోయాడు.

మూడు నెలలు గడిచాయి. పెద్దసారు కారు నిలుపుకోడానికి పాత ఆఫీసు పెరడంతా రాళ్ళు పరిపించాడు వియ్యంకుడు. కుండీలు తీసిన పనివాళ్ళకి ఒక ఇనప మూత కనిపించింది. దాని కింద వాల్వు కొంచెం చెమ్మగా ఉంటే, ఏదో కారుతోందనుకుని పుణ్యానికి బిగించేసి, ఎవరికీ చెప్పకుండానే పైన రాయి పరిచేశారు.

ఆ మర్నాటి నుంచి మిట్టవీధికి చుక్క నీరు లేదు. అయిదు రోజులు. వియ్యంకుడు మ్యాపు పట్టుకుని తవ్విన చోటే తవ్వించాడు. ఆరో రోజు మిట్టవీధివాళ్ళు ఖాళీ బిందెలతో పార్కు గేటు మీదికొచ్చారు.

"ఏమయ్యా నీళ్ళాయనా, నువ్వు పోయావు, నీళ్ళూ పోయాయి. ఏం మంత్రం వేసిపోయావు?"

నీళ్ళాయన గేటుకి తాళం వేసి నడిచాడు. నలభై రెండూ మనసులో తిప్పుకుంటూ పాత ఆఫీసు దాకా వచ్చాడు. పెరట్లో కుండీలు లేవు. ఆ ఖాళీ చూడగానే ఆయనకి కుండీల కింది మూత గుర్తొచ్చింది.

"గునపం ఇవ్వండి," అన్నాడు.

రాళ్ళు రెండు లేపించి, మూత తీసి, ఆఫీసులోంచి రాడ్డు తెప్పించి దించి తిప్పాడు. పదిహేడు చుట్లు. భూమిలో గుడగుడమని చప్పుడు మిట్టవీధి వైపు పరుగెత్తింది. ఆయన తలెత్తి చూశాడు. ఒక్క ముఖంలోనూ మెచ్చుకోలు లేదు.

"దాచినోడికే కదా తెలిసేది, దాచిన చోటు," అంది వెనకనుంచి ఒకావిడ.

"దాచడమేంటమ్మా! మర్చిపోయాను."

"ఊళ్ళో ప్రతి వాల్వూ నిద్రలో కూడా తిప్పుతానని మీసం దువ్వేవాడివి. సొంత ఆఫీసు పెరట్లోది మర్చిపోయావా? ఎవరి చెవిలో పెడతావు పూలు?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం కాదు, ఈయన ఏకంగా గుమ్మడికాయే తెచ్చి చూపించాడు," అన్నాడు బిందెతో వచ్చినవాడొకడు. అందరూ నవ్వారు.

విచారణ పెట్టారు. లోపలికి పిలిచే ముందు వరండాలో వియ్యంకుడు ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా చెమటకి తడిసిపోయింది.

"బావగారూ, మర్చిపోయానని రాస్తే మ్యాపే తప్పవుతుంది. తిరిగి సరిచూశానని సంతకం పెట్టింది నేను. నా ఉద్యోగం ఊడుతుంది."

"మరి?"

"మట్టి కప్పి కావాలనే దాచానని రాయండి. దాచింది ఎవరికి కనపడుతుంది? నా తప్పుండదు. మీకేముంది, ఎలాగూ పార్కే కదా. ఇంకా పైకి తోసేదీ లేదు, కిందికి తోసేదీ లేదు."

"దొంగనని రాసుకోమంటారు."

"మన పిల్ల కోసం బావగారూ. ఇల్లు గడిచేది నా జీతం మీదే. రేపు నేను ఇంట్లో కూర్చుంటే ఎవరి మీద విసుక్కుంటానో మీకు తెలియదా?"

అది బతిమాలడమో బెదిరించడమో నీళ్ళాయనకి తెలియలేదు. తెలిసినా చేసేదేమీ లేదు. లోపలికి వెళ్ళి, వంకర అక్షరాలతో "కోపముతో నేనే దాచినాను" అని రాసి వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. మూడేళ్ళు ఇంక్రిమెంటు ఆపి, హెచ్చరించి వదిలారు. వియ్యంకుడు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

వారం తర్వాత సాయంత్రం పూట కూతురు పార్కుకొచ్చింది. ఇంటికి కాదు, పార్కుకి. బెంచీ మీద కూర్చోకుండా గేటు పట్టుకుని నిలబడింది.

"నాన్నా, ఒక్కటి అడుగుతాను. నిజంగా దాచావా?"

నిజం ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈ పిల్ల ఇంటికెళ్ళి మామగారికి కాఫీ ఏ ముఖంతో ఇస్తుంది?

"దాచానమ్మా."

"అయిదు రోజులు నాన్నా. మిట్టవీధిలో బాలింతలున్నారు, మంచం పట్టిన ముసలాళ్ళున్నారు. ఒక కుర్చీ కోసమా? మా మావయ్యగారు ఇంతవరకు నిన్ను ఒక్క మాట అనలేదు తెలుసా. పోనీలేమ్మా, పెద్దవాడు, ఏదో ఉక్రోషంలో చేశాడు అన్నారు. ఆయన్ని చూసి నేర్చుకో."

నీళ్ళాయన జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆ చేతికి అది చాలా తేలిక, పట్టు దొరక్క ఒకసారి జారింది.

"నేర్చుకుంటానమ్మా," అన్నాడు. "కాస్త అవతలికి జరుగు. గేటు వేసే టైమైంది."