టీవీకి తెరిచిన తలుపు

అత్తగారు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ముప్ఫై ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. కాల్స్ కలిపే బోర్డు మీద తీగల మొనలు తుడవనిదే అక్కడ ఎవరూ డ్యూటీ మొదలుపెట్టరు. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు. ప్రతి సోమవారం ఇంట్లో ప్లగ్గులన్నీ పీకి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టాల్సిందే. అలా చెయ్యకపోతే ఆవిడకు కాఫీ కూడా రుచించదు.

ఆ సోమవారం తొమ్మిదిన్నరకు కోడలు కంప్యూటరు ముందు తల పట్టుకుని కూర్చుంది.

కోడలిది వీడియో ఎడిటింగు. రెండేళ్లు ఒకరి కింద చేసి, మొదటిసారి సొంతంగా ఒక డాక్యుమెంటరీ ఒప్పుకుంది. ఆ బృందం వాళ్లు ఫుటేజీని టారెంటులో పంచుకుంటారు. ఫైలు ఎంతమంది దగ్గరుంటే అంతమంది నుంచీ ముక్కలుగా వచ్చి చేరుతుంది. అరవై జీబీ. సాయంత్రం ఆరింటికి అందులోంచి మూడు నిమిషాలు ఎడిట్ చేసి చూపించాలి, లేదంటే పని ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఫైలు చూస్తే నత్తనడక నడుస్తోంది.

"నిన్న మీ అబ్బాయి రౌటర్లో ఏదో పోర్టు తెరిచారు అత్తయ్యా. రాత్రి పరీక్షించి చూస్తే పరుగులు తీసింది. ఇప్పుడేమో మూడు రోజులు పడుతుందని చూపిస్తోంది. ఆయనకి చేస్తే ఫోను కట్టేసి ఉంది. పెద్ద ఇంజనీరు."

"పోర్టంటే?"

"బయటివాళ్లు మన కంప్యూటరు దగ్గరికి రావడానికి తలుపు లాంటిది. రౌటరు మామూలుగా ఎవర్నీ రానివ్వదు. ఈ నంబరు అడుగుతూ వస్తే ఫలానా కంప్యూటరుకి పంపించు అని దానికి చెప్పాలి."

"ఓస్, ఆఫీసు ఫోన్ల ఎక్స్‌టెన్షను నంబరు లాంటిదేనా. ఆ పేజీ తియ్యి, చూద్దాం."

అత్తగారు కుర్చీ లాక్కుని కళ్లద్దాలు పెట్టుకున్నారు. కొడుకు రాసిన వరుస కనిపించింది: వచ్చినవాళ్లను నాలుగుతో ముగిసే అడ్రసుకు పంపించు. ఇంట్లో ఏ యంత్రానికి ఏ అడ్రసుందో పక్క పేజీలో ఉంది. నాలుగు దగ్గర టీవీ ఉంది. కంప్యూటరు ఏడులో ఉంది.

ఆవిడకు సంగతి అర్థమైంది. పొద్దున ప్లగ్గులన్నీ పీకింది తనే. వార్తల వేళ అయిందని టీవీ ముందు పెట్టి, కంప్యూటరు ఆఖర్న పెట్టిందీ తనే. రౌటరు మళ్లీ లేచి, వచ్చినవాళ్లకు వచ్చిన వరుసలో అడ్రసులు పంచేసింది; నిన్న కంప్యూటరుదైన నాలుగు టీవీకి పోయింది. ఊళ్లవాళ్లంతా ఫైలు ముక్కలు పట్టుకొచ్చి టీవీ తలుపు కొడుతున్నారు.

నోరు మూసుకుంటే నింద కొడుకు మీదే ఉండిపోతుంది. వాడికి కాస్త గర్వం ఎక్కువే, తగ్గితే మంచిదే అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

"వాడు సరిగ్గానే చేశాడమ్మాయ్. నేనే చెడగొట్టాను. ప్లగ్గులు పీకాను, మనుషుల సీట్లు మారిపోయాయి." ఆవిడ మళ్లీ తెర మీదికి వంగారు. "వాడు చెయ్యనిది ఒక్కటే. సీటు ఎవరిదో రాసి పెట్టలేదు. ఈ కంప్యూటరుకి ఈ అడ్రసే ఖాయం అని చెప్పే చోటు ఎక్కడో ఉండి తీరాలి. లేకపోతే ఏ బోర్డూ నడవదు."

ఉంది. మూడో పేజీలో అట్టడుగున ఉంది. ఏడును కంప్యూటరుకు ఖాయం చేశారు. పోర్టు వరుసలో నాలుగు కొట్టేసి ఏడు రాయించారు. కోడలు సేవ్ నొక్కింది. ఫైలు పక్కనున్న ఎర్రగుర్తు పచ్చబడింది. ముక్కలు పంపేవాళ్లు ఒకరు, ముగ్గురు, పదకొండుమంది అయ్యారు. మూడు రోజులు కాస్తా మూడున్నర గంటలకు దిగింది. కోడలు అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఒంటిగంటకు ఫైలు దిగింది. ఆరింటికి మూడు నిమిషాలూ వెళ్లాయి. ఆరున్నరకు బృందం పెద్ద ఫోను చేసి, మిగతా సినిమా కూడా నువ్వే ఎడిట్ చెయ్యమ్మా అన్నాడు. ఆ వెంటనే ఇంకో మాట అడిగాడు. మాలో సగం మందిమి ఫైళ్లు దిగక చస్తున్నాం, నీకంత స్పీడు ఎలా వచ్చింది?

"మా అత్తగారు సరిచేశారండీ," అంది కోడలు. అవతలి మాట విని నవ్వుతూ ఫోను చాపింది. "అత్తయ్యా, మీకే."

ఆవిడ కలిపిన కాల్స్ లక్షల్లో ఉంటాయి. ఒక్కటీ ఆవిడది కాదు. రెండు వైపులా మాట కలవగానే తప్పుకోవడమే ఆ ఉద్యోగం. ఇప్పుడు ఫోనందుకుని, నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకున్నారు.

"చెప్పండి," అన్నారు, "నేనే మాట్లాడుతున్నాను."