కరకట్ట మీద పడవలు

పంపులు నడిపే లిసిమాకో బాబాయ్ పంపుహౌసు గేటుకి తాళం వేసి, తాళంచెవి తీసి నోట్లో పెట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. మింగేశాడని తర్వాత సైన్యం వాళ్ళు కేసులో రాసుకున్నారు. మింగలేదు. బుగ్గన పెట్టుకుని పంపుహౌసు మెట్టు మీద కూర్చున్నాడు.

పొద్దున్న పదిన్నర. డీజిల్ ట్యాంకరు ఇంకా లోపలే ఉంది. డ్రైవరు ఎందెర్ గొట్టం చుట్టేసి బండెక్కబోతున్నాడు. ట్యాంకరులో సగానికి పైగా సరుకు అలాగే ఉంది. గేటు బయట తెల్లటి వ్యాను, దాని నిండా ఖాళీ పీపాలు, వాటి పక్కన ఇద్దరు సిపాయిలు.

"బాబాయ్, గేటు తియ్యి. నాకు పిల్లలున్నారు," అన్నాడు ఎందెర్.

"నాకూ ఉన్నారు. ఈ ఊళ్ళో అందరికీ ఉన్నారు." నోట్లో తాళంచెవి ఉండటంతో మాట ముద్దగా వచ్చింది. "పంపులకని తెచ్చింది మొత్తం ఇక్కడ దించు. గేటు అదే తెరుచుకుంటుంది."

"నా చేతుల్లో ఏముంది బాబాయ్? సగం దించి మిగతాది వ్యానుకిమ్మని కెప్టెన్ చెప్పాడు."

"అయితే కెప్టెన్నే రమ్మను."

మా ఊరు బాహోలాగో. మరకైబో సరస్సు ఒడ్డున, సరస్సు కంటే కిందన ఉంటుంది. మొదట్నుంచీ అలా లేదు. మా తాత కుర్రాడిగా ఉన్నప్పుడు కంపెనీ వాళ్ళు మా కాళ్ళ కింది చమురు తోడటం మొదలుపెట్టారు. తోడేకొద్దీ నేల దిగిపోయింది. నేల దిగిందని కరకట్ట కట్టారు. ఇప్పుడు మా వీధిలో నిలబడి తలెత్తి చూస్తే, కట్ట అవతల ఓడలు మా ఇంటి కప్పుల కంటే పైన పోతూ కనిపిస్తాయి. కట్ట కింద నుంచి రాత్రింబగళ్ళు నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. వాటిని తోడి మళ్ళీ సరస్సులో పోయడానికి మూడు పంపులు. పంపులకి డీజిలు. వెనిజులా మొత్తానికీ చమురు పోసిన నేల మాది. ఆ నేల మునగకుండా ఉండటానికి వారానికి రెండు ట్యాంకర్లు చాలు, మంగళవారం ఒకటి, గురువారం ఒకటి. ఆ రెండింట్లోనూ సగం సరిహద్దు దాటి కొలంబియాలో అమ్ముడుపోతోంది.

మూడు పంపుల్లో ఒకటి ఎప్పుడో విప్పేశారు, మిగతా రెండింటికీ విడిభాగాలు కావాలని. ఆ రెండూ రోజుకి నాలుగు గంటలే తిరుగుతున్నాయి. పల్లపు సందుల్లో మంచాల కోళ్ళు నీళ్ళలో నానుతున్నాయి. పోదామంటే ఎక్కడికి పోతాం? పెట్రోలు లేక బస్సులు ఆగిపోయాయి. పెట్రోలు లేక పడవలు ఒడ్డునే ఎండుతున్నాయి. చేపల్లేవు, పీతల్లేవు, మేం పీతలొలిచే షెడ్డు మూతపడింది. మా ఆయన కాలినడకన సరిహద్దు దాటి బొగొటాలో ఇటుకలు మోస్తున్నాడు. నేను పంపుహౌసు ఊడ్చే పనిలో కుదిరాను. అందుకే ఆ పొద్దున్న అక్కడున్నాను, చేతిలో చీపురుతో.

కెప్టెన్ ఒకాండో వచ్చాడు, ఒక సిపాయితో గేటెక్కి దూకి. అరిచే మనిషి కాడు. బాబాయ్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఉమ్మెయ్, ముసలాడా."

బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. కెప్టెన్ లేచి సిపాయి వైపు చూశాడు. సిపాయి తుపాకీ మడమతో కొట్టాడు. తాళంచెవి వచ్చింది. దాంతోపాటు రెండు పళ్ళూ వచ్చాయి. రక్తం అంటిన తాళంచెవిని కెప్టెన్ జేబురుమాలుతో తుడిచి ఎందెర్ చేతికిచ్చాడు. విధ్వంసం చేశాడని కేసు పెట్టి బాబాయ్‌ని జీపెక్కించారు.

పోతూ పోతూ కెప్టెన్ నా ముందు ఆగాడు. "నువ్వేం చూశావమ్మా?"

"నేల ఊడుస్తున్నాను సార్," అన్నాను.

అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇది విన్నవాళ్ళు నన్నేమనుకున్నా సరే, దాన్ని దాచి మిగతా కథ చెప్పలేను.

*

పంపులు నడిపేవాడు లేడు. మర్నాటికి బడిలోకి నీళ్ళొచ్చాయి. సాయంత్రం అక్కడే అందరం పోగయ్యాం. పిల్లల బల్లల మీద కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాం. ఎండ ఇంకా కిటికీల్లోంచి పడుతోంది. నీళ్ళ మీద డీజిలు జిడ్డు ఏడురంగుల్లో మెరుస్తోంది.

వార్డు పార్టీ కమిటీ పెద్ద బెల్కిస్ ముందు లేచింది. రేషను సంచులు మా ఇళ్ళకి రావాలన్నా మానాలన్నా ఆవిడ చేతుల్లోనే.

"గవర్నరుకి అర్జీ రాద్దాం. మర్యాదగా అడుగుదాం. ఇదంతా బయటి దేశాల ఆంక్షల వల్ల వచ్చిన కష్టం. గొడవ చేస్తే శత్రువుకి సాయం చేసినట్టే."

"ఆంక్షలు పెట్టినవాడు మా డీజిలు పీపాల్లో పట్టుకుపోయాడా?" మా మరిది నెరియో గట్టిగా అడిగాడు. పడవ ఉండీ వేటలేని మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఎవరు పట్టుకుపోయారో నువ్వు చూశావా?"

నెరియో చూడలేదు. గదిలో చూసిన మనిషిని నేనొక్కదాన్నే. నా పక్కన లిసిమాకో భార్య ఎగ్లా పిన్ని కూర్చుని ఉంది. కంపెనీ గేటు దగ్గర ముప్ఫయ్యేళ్ళు అరేపాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, కాల్చి అమ్మిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా వైపు చూడకుండా కూర్చుంది. చూసుంటే ఇంకాస్త సులువుగా ఉండేది.

బల్ల దిగి నీళ్ళలో నిలబడ్డాను. "నేను చూశాను," అన్నాను. వ్యాను సంగతి, పీపాల సంగతి, పళ్ళ సంగతి చెప్పాను. కెప్టెన్ అడిగితే నేనేం చెప్పానో అదీ చెప్పాను.

నెరియో బల్ల మీద గుద్దాడు. "రేపు గురువారం. ట్యాంకరొస్తుంది. తగలబెట్టేద్దాం!"

"తగలబెట్టి పంపుల్లో ఏం పోస్తావురా, నీ ఉచ్చా?" అంది ఎగ్లా పిన్ని.

అంత ఏడుపులోనూ జనం నవ్వారు. పిన్ని నవ్వలేదు.

"మా ఆయన మంచోడే. మంచోడు గనకే తాళం వేశాడు. కానీ ఒక్కడే వేశాడు. ఒక్కణ్ణి కొట్టడానికి ఒక్క తుపాకీ మడమ సరిపోయింది. కంపెనీ నేలని కిందికి దింపింది. సర్కారేమో చమురుంది కదా, ఇంకేం పండించక్కర్లేదు, ఇంకేం బాగుచెయ్యక్కర్లేదు అనుకుంది. పెట్రోలు ఊరికే పోసినంతకాలం పోసి ఓట్లేయించుకుంది. శుద్ధి కర్మాగారాలు తుప్పుపట్టాయి. ఇప్పుడు చమురు దేశంలో పెట్రోలు ఓడల్లో దిగుతోంది. దిగిన ఆ కాస్తా యూనిఫాం వేసుకున్నోడి వాకిట్లోకి పోతోంది. అర్జీ ఎవరికి రాస్తావు బెల్కిస్? ఎత్తుకుపోయేవాడికే రాస్తావా?"

"మరి దేంతో ఆపుతారు?" అంది బెల్కిస్. ఆవిడ ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి. "వాళ్ళకి తుపాకులున్నాయి. మీకేమున్నాయి?"

వెనక బల్లల్లోంచి ఎవరో ఆడమనిషి అంది: "పడవలున్నాయి. ఎలాగూ ఖాళీగా పడున్నాయి."

*

గురువారం తెల్లవారగానే మొదలుపెట్టాం. ఇసుకలో కూరుకుపోయిన పడవలు అవి. ఒక్కోదానికి ఇరవై మంది కావాల్సొచ్చింది. మగాళ్ళు ముందు తాళ్ళు లాగారు, మేం వెనక భుజాలు పెట్టాం. కట్ట ఏటవాలు ఎక్కించేసరికి భుజాల చర్మం ఊడింది. ఎండ ముదిరేలోపు పద్నాలుగు పడవల్ని కరకట్ట రోడ్డుకి అడ్డంగా, పంపుహౌసు దాటగానే రెండు వరసల్లో పెట్టాం. పంపుహౌసు దాకా ట్యాంకరు రావచ్చు. దాన్ని దాటి పోకూడదు. వెనక్కి తిరగడానికి ఆ రోడ్డుకి వెడల్పు లేదు.

మొదటి పోట్లాట సైన్యంతో కాదు, మాలాంటివాళ్ళతోనే అయింది. ఆ రోడ్డు మీదే పెట్రోలు బంకు కోసం కార్లు బారుతీరి ఉన్నాయి. ఒక టాక్సీ అతను కిందికి దూకి నెరియో చొక్కా పట్టుకున్నాడు.

"ఐదు రోజులుగా సీట్లోనే పడుకుంటున్నాను! మీ వల్ల బంకుకి బండి రాకపోతే నీ అబ్బ పోస్తాడా పెట్రోలు?"

ఎగ్లా పిన్ని మధ్యలో దూరి అతని చేతిలో అరేపా పెట్టింది. "తిను నాయనా. ఐదు రోజులూ రోడ్డుకి ఎవరూ అడ్డం లేరు కదా, మరి బండెందుకు రాలేదు?"

అతను నమలకుండా ఆమెని చూశాడు. తర్వాత తిట్టుకుంటూ వెళ్ళి టాక్సీ బ్రేకు వదిలి, తోసుకొచ్చి మా పడవల పక్కన ఆపాడు.

ట్యాంకరు వచ్చింది. ఎందెర్ పడవల్ని చూసి బండి ఆపేశాడు. వెంట వచ్చిన ఇద్దరు సిపాయిలు మూడొందల మందిని చూసి, బండి దిగకుండా ఫోన్లో మాట్లాడటం మొదలుపెట్టారు. ఎందెర్ మాత్రం దిగాడు. మా మొహాల వైపు చూడలేకపోయాడు.

"ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు నేలకేసి చూస్తూ. తర్వాత గొట్టం తనే విప్పాడు. "పక్కకి జరగండి. మీకు బిగించడం రాదు."

ఆరోజు ట్యాంకరులో ఉన్నదంతా మా తొట్టిలో పడింది. పడుతున్న చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. మోటార్లు నేనే వేశాను. ఊడుస్తూ ఊడుస్తూ బాబాయ్ చేతుల్ని రోజూ చూసేదాన్ని. రెండోది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మూడోసారి అందుకుంది. గొట్టంలోంచి మా వీధుల నీళ్ళు బురదగా వెళ్ళి సరస్సులో పడుతుంటే ముసలాళ్ళు టోపీలు తీశారు.

మధ్యాహ్నానికి సైన్యం వచ్చింది. రోడ్డుకి రెండువైపుల నుంచీ వచ్చింది. ఒకపక్క సరస్సు, ఒకపక్క పల్లంలో మా ఇళ్ళు, ముందూ వెనకా తుపాకులు. కెప్టెన్ ఒకాండో ఎగ్లా పిన్ని దగ్గరికే నేరుగా నడిచొచ్చాడు.

"పడవలు తియ్యించమ్మా. సాయంత్రానికి మీ ఆయన ఇంట్లో ఉంటాడు. తియ్యకపోతే విధ్వంసం కేసుకి ఎన్నేళ్ళో నీకు తెలుసు."

నేను పిన్ని చెయ్యి పట్టుకున్నాను. మాలో ఎవరికైనా అది మొయ్యలేని బేరమే. తియ్యమని ఆమె అనుంటే మేం తీసేవాళ్ళం, ఒక్కళ్ళూ తప్పుపట్టేవాళ్ళు కాదు.

"ముందు మనిషిని చూపించు," అంది.

చూపించారు. జీపులోంచి దింపి, పడవలకి అటువైపు నిలబెట్టారు. మొహం ఉబ్బి ఒక కన్ను మూసుకుపోయింది. పడవలు తియ్యమని చెప్పు, అన్నాడు కెప్టెన్. బాబాయ్ మా అందరినీ చూశాడు. పంపు చప్పుడు విన్నాడు. తల కాస్త పక్కకి వంచి ఇంకాస్త విన్నాడు.

"రెండో మోటారు ఎవరేశారు?"

"నేను బాబాయ్."

"బెల్టు వదులుగా ఉంది, బిగించు. నువ్వొక్కదానివే నేర్చుకోకు, దెయానిరా. నన్ను పట్టుకుపోతే ఆగిపోయింది చూడు. పదిమందికి నేర్పు."

కొట్టారు. కొడుతూనే జీపెక్కించి, బుల్‌డోజరుకి కబురు పంపారు. పిన్ని ఏడవలేదు. పడవ అంచు మీద ఎక్కి కూర్చుంది. ఆవిడ పక్కన నేను కూర్చోబోతే గట్టిగా తోసింది.

"నీకేం చెప్పాడు? పో, నేర్పు."

సాయంత్రం దాకా నేర్పాను. ముగ్గురాడవాళ్ళకి, టాక్సీ అతనికి. చివరికి బెల్కిస్ కూడా లంగా ఎత్తిపట్టి లోపలికొచ్చి, "ఆ బెల్టేదో నాకూ చూపించు," అంది. ఎందుకొచ్చావని నేనడగలేదు.

బుల్‌డోజరు మర్నాడు పొద్దున్న వచ్చింది. పద్నాలుగు పడవల్నీ తొక్కేసింది. తన పడవ పలకలు విరుగుతుంటే నెరియో చిన్నపిల్లాడిలా చెవులు మూసుకున్నాడు. మమ్మల్ని ఇరవైమూడు మందిని జుట్లు పట్టి లారీ ఎక్కించారు. లారీ కదిలేటప్పుడు కూడా పంపు తిరుగుతూనే ఉంది. నేను లారీలో ఉన్నాను, నెరియో ఉన్నాడు, ఎగ్లా పిన్ని ఉంది. మరి పంపు ఎవరు నడుపుతున్నారో కెప్టెన్‌కి అర్థం కాలేదు.

*

సైన్యం బ్యారక్‌ల వెనక గోదాములో ఆడవాళ్ళం తొమ్మిదిమందిమి. కిటికీ లేదు. రేకుల కప్పు. పగలు ఊపిరాడదు. లిసిమాకో బాబాయ్‌ని వేరే జైలుకి మార్చారట, ఎక్కడికో చెప్పలేదు. మేం పెట్టిన అడ్డు ఒక్కరోజే నిలిచింది. పడవలు పోయాయి. ఊళ్ళో ఎన్నాళ్ళు పంపు తిరుగుతుందో తెలియదు. ఇవే లెక్కలు అటూ ఇటూ తిప్పుకుంటూ పడున్నాం. ఎగ్లా పిన్ని గోడవైపు తిరిగి పడుకునేది. తప్పు చేశానా అని ఒకసారి అడిగింది. నేనూ ఆవిడ పక్కనే గోడవైపు తిరిగి పడుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం తలుపు తెరిచి, ఆరేడుగురు ఆడవాళ్ళని లోపలికి తోశారు. ఎవరూ మాకు తెలియదు. కాళ్ళు మోకాళ్ళ దాకా బురద. ఒకామె నుదురు చిట్లి ఉంది. మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

"బాహోలాగో వాళ్ళా?"

"అవును. మీరు?"

"లాస్ పలోమాస్."

మాకు దక్షిణాన, అదే కరకట్ట కింద ఉండే ఊరు. దానికీ రెండు పంపులు. దానికీ ఒక కెప్టెన్.

ఎగ్లా పిన్ని లేచి కూర్చుంది. "మీది వేట ఊరు కాదు కదమ్మా. పడవలుండవు మీకు. రోడ్డుకి ఏం అడ్డం పెట్టారు?"

ఆమె చిట్లిన నుదురు మోచేత్తో తుడుచుకుంది.

"మంచాలు," అంది. "ఇళ్ళల్లో ఎలాగూ నీళ్ళే. ఊరి మంచాలన్నీ పట్టుకొచ్చి కట్ట మీద వేసుకుని, వాటి మీదే కూర్చున్నాం. మమ్మల్ని పట్టుకొచ్చారు గానీ, మిగతావాళ్ళు ఇంకా లేవలేదు."