తిప్పి పంపిన దరఖాస్తు

మా ఆఫీసులో నా నోటికి భయపడని వాళ్లు లేరు. ఇరవై రెండేళ్లుగా ఒకటే కిటికీ, ఒకటే కుర్చీ. తల్లో తండ్రో బిడ్డను చెప్పాపెట్టకుండా దేశం దాటిస్తే, ఇక్కడ మిగిలినవాళ్లు తిరిగి రప్పించమని దరఖాస్తు ఇచ్చేది నా దగ్గరే. మేం సరిచూసి అవతలి దేశానికి పంపుతాం, అక్కడి కోర్టు తేలుస్తుంది. దేశాల మధ్య ఒప్పందం అది. కేసు ఏడాదిలోపు అక్కడి కోర్టుకు చేరితే బిడ్డను దాదాపు తప్పకుండా వెనక్కి పంపుతారు. ఏడాది దాటితే, బిడ్డ అక్కడ కుదురుకుందా లేదా అని చూస్తారు.

ఒక లిఫ్టు మెకానిక్ దరఖాస్తుతో వచ్చేసరికి, బిడ్డ వెళ్లి పదో నెల నడుస్తోంది. ఆయన భార్య ఆరేళ్ల కూతుర్ని తీసుకుని, సెలవులకని వేరే దేశంలో ఉన్న అక్కగారింటికి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు, నిద్రపోయారా?" అన్నాను.

"మా అన్నయ్య భార్య, మా వదిన ఆగమందండీ. కాపురం ఒకసారి కోర్టెక్కితే మళ్లీ దిగదంది. ఇవాళ వస్తారు, రేపు వస్తారు అనుకుంటూ..."

కాగితాలు తిరగేశాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. పాప ఫోటో మాత్రం పాతది. ఆరు నెలల లోపుది కావాలని ఫారం మీదే అచ్చేసి ఉంది.

"పాప నా దగ్గర లేదనే కదమ్మా వచ్చాను. కొత్త ఫోటో ఎక్కడ్నుంచి తేను?"

"నన్నడిగితే ఎలా? రూలంటే రూలే" అని కట్ట మొత్తం కిటికీలోంచి బయటికి తోసేశాను.

బతిమాలి బామాలి, వదినగారి చేత ఆ అక్కగారికి ఫోన్లు చేయించి, ఆయన ఫోటో తెప్పించుకునేసరికి ఏడు వారాలు పట్టింది. ఫైలు అక్కడి కోర్టుకు చేరేనాటికి ఏడాది మీద తొమ్మిది రోజులు.

అక్కడ తండ్రి తరఫున వాదిస్తున్న లాయరు మాకు ఉత్తరం రాశాడు. తండ్రి మొదట ఏ తేదీన వచ్చాడో ఆఫీసు చెప్పగలదా అని. కిటికీ దగ్గరే తిప్పి పంపినవాటిని మేం రిజిస్టర్లో ఎక్కించం. మా పద్ధతి అంతే.

"రిజిస్టర్లో లేనిది జరగనట్టేనమ్మా. కొరివితో తల గోక్కోకండి" అన్నాడు సూపరింటెండెంటు.

మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు ఆ లాయరుకు నేనే రాశాను. ఫలానా తేదీన ఆయన వచ్చాడు, తిప్పి పంపింది నేనే, పంపకుండా ఉండాల్సింది అని. నాకో మెమో వచ్చింది. వస్తే రానీ అనుకున్నాను.

తీర్పు వచ్చింది. తండ్రి తప్పేమీ లేదని, నా ఉత్తరాన్ని ప్రస్తావించి మరీ రాశారు జడ్జి. అయినా పాప బళ్లో కుదురుకుంది, స్నేహితులున్నారు, ఇప్పుడు కదపడం మంచిది కాదన్నారు. తల్లి దగ్గరే ఉంటుంది. తండ్రికి వారానికి అరగంట వీడియో కాల్, అదీ మా ఆఫీసు గదిలో.

ఆయన కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు.

"ఆ రోజే తీసుకుని ఉంటే పాప మీ ఇంట్లో ఉండేది" అన్నాను. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. తిట్టండి. నాలుగు మాటలు అనేసి వెళ్లండి."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వీడియో కాల్‌కి టైము ఇచ్చేది ఎవరమ్మా?"

"నేనే."

"మరి మిమ్మల్నేం తిట్టను?" అన్నాడు. "శనివారం పొద్దున ఖాళీ ఉంటే రాసుకోండి. ఆ రోజు పాపకి బడి ఉండదు."