బంగారమ్మ ట్రంకు పెట్టెలో వాసన

నేను ఒక ట్రంకు పెట్టెను. విజయనగరంలో ఒక రేకుల పనివాడు నన్ను కొట్టి, మడిచి, మేకులు దిగ్గొట్టి, ఒంటినిండా ఆకుపచ్చ రంగు పూశాడు. మూత మీద రెండు ఎర్ర గులాబీలు వేశాడు. మొదటిది బాగా కుదిరింది. రెండోది వేసేసరికి అన్నం వేళయింది కాబోలు, అది క్యాబేజీలా వచ్చింది. ఆ క్యాబేజీ వల్లే నేను చాలా రోజులు ఎవరూ కొనక కొట్టులో ఉండిపోయాను. చివరికి ఒక పల్లెటూరి ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, “పువ్వుదేటుంది, మూత గట్టిగా పడితే సాలు” అని కొనుక్కుపోయింది. పెళ్లయి చీపురుపల్లి కాపురానికి వెళ్తున్న కూతురు బంగారమ్మకి నన్ను ఇచ్చింది.

బట్టల విషయంలో బంగారమ్మ అంతటి మనిషిని నేను చూడలేదు. ఉతికిన బట్ట ఆరితే చాలదని ఆమె పట్టుదల. ఎండలోంచి తెచ్చిన బట్టను చాప మీద పరిచి, వేడి పూర్తిగా దిగాక గానీ మడత పెట్టేది కాదు. అంచు కుట్టులో చెమ్మ ఉందేమోనని చెంపకు ఆనించి చూసేది. చీరల మడతలు నెలకోసారి మార్చేది. అడుగున ఎండు వేపాకు, మధ్యలో వట్టివేళ్ల కట్ట, పై మడతల్లో మొగలి రేకులు. వానాకాలంలో వీధిలో అందరి బట్టలూ ముక్కవాసన వేస్తుంటే, నా మూత తీయగానే తొలకరి పడ్డ మట్టి వాసన వచ్చేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ పట్టుచీరలు తెచ్చి, “ఓలమ్మా, నీ పెట్టెలో ఓ మూల పెట్టీవా” అని అడిగేవారు. నాకు గర్వంగా ఉండేది. మనుషులు తమ ఒంటి వాసన దాచుకోవడానికి పడే పాట్లు చూసి నవ్వుకునేదాన్ని కూడా.

పెళ్లయిన రెండో ఏడు బంగారమ్మ నీళ్లోసుకుంది. తల్లి పాత నూలు చీరలు చింపి ఆరు చిన్న చొక్కాలు కుట్టింది. ఒక బొంత కుట్టింది. వాటిని నాలో పెట్టడానికి వచ్చినప్పుడు తన పెళ్లి చీర అంచు చిమ్మెటలు కొట్టేసి ఉంది. ఆ కన్నంలోంచి వేలు పెట్టి చూసుకుని ఏడ్చింది. భర్త అప్పల్సూరి జనపనార మిల్లులో పనిచేసేవాడు. మర్నాడు విజయనగరం నుంచి వస్తూ ఒక పొట్లం తెచ్చాడు. విప్పితే పిప్పరమెంటు బిళ్లల్లా తెల్లటి ఉండలు.

“ఏటివి?” అంది.

“కలరా ఉండలు. పెట్టెలో పడీ. పురుగు కాదు కదా, పురుగు నీడ కూడా రాదన్నాడు కొట్టోడు.”

“ఘాటుగున్నాయి.”

“ఘాటుంటేనే కదే పురుగు సచ్చీది!”

ఆమె నవ్వింది. వట్టివేళ్ల కట్ట తీసేసింది. ఒక్కో చిన్న చొక్కా మడతలో ఒక్కో ఉండ పెట్టింది. బొంతలో నాలుగు పెట్టింది. నేను మూత బిగించి ఆ వాసనను బయటికి పోనివ్వకుండా కాపాడాను. రెండు నెలలు కాపాడాను. గట్టిగా పడే మూత అని కదా నన్ను కొన్నది.

శ్రావణంలో మగబిడ్డ పుట్టాడు. ఆరు చొక్కాలూ మార్చి మార్చి తొడిగారు. బొంతలో చుట్టి పడుకోబెట్టారు. అయిదో రోజున బిడ్డ కళ్లు పచ్చబడ్డాయి. ఆరో రోజుకి ఒళ్లంతా పచ్చబడింది. పసరు పోశారు. ఎవరో మంత్రించారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం బిడ్డ పోయాడు. ఏడ్చే ఓపిక కూడా లేక, కళ్లు మూసుకునే పోయాడు.

ఆ ఇంట్లో అప్పుడు పలికింది ఒక్క అత్తగారే. “దీని పాలు ఇసం. పాలే గుంటడిని తినీసినాయి” అంది. బంగారమ్మ గోడకి జారబడి ఉంది. రవిక తడిసిపోతోంది. అప్పల్సూరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతను ఏమీ అనలేదు.

ఆ చొక్కాలు పారేయడానికి బంగారమ్మకి చేతులు రాలేదు. ఉతికి, ఆరబెట్టి, మళ్లీ నాలో పెట్టింది.

రెండేళ్లకి కూతురు పుట్టింది. పావని అని పేరు పెట్టారు. పిల్లను తల్లి రొమ్ముకి చేరనివ్వలేదు అత్తగారు. మేకపాలు పట్టించింది. బంగారమ్మ పెరట్లోకి వెళ్లి, గోడవైపు తిరిగి, పాలు బూడిదలోకి పిండేసి వచ్చేది. అవే చొక్కాలు, అదే బొంత వేసినా పావనికి ఏమీ కాలేదు. బుగ్గలు పూరీల్లా పొంగాయి. “సూసినారా, నానన్లేదూ!” అంది అత్తగారు. బిడ్డ మేకపాలు తాగి బతికింది, కాబట్టి తల్లి పాలు విషం. మనుషులు ఒక తీర్పు చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అందరికంటే గట్టిగా ఆ తీర్పును నమ్మింది బంగారమ్మే. ఎవరి ఇంట్లో పసిపిల్లలున్నా ఎత్తుకునేది కాదు. దూరం నుంచి చూసి వచ్చేసేది.

బట్టల మీద శ్రద్ధ మాత్రం ఇంకా పెరిగింది. ఉండలు కరిగి బఠాణీ గింజలంత అవగానే కొత్తవి వేసేది. అప్పల్సూరి ఏటేటా అడగకుండానే పొట్లం తెచ్చి నా మూత మీద పెట్టేవాడు. ఆ ఒక్క పనీ మర్చిపోయేవాడు కాదు.

ఆ చొక్కాలు కుట్టి ఇరవయ్యారేళ్లు గడిచాయి. అత్తగారు కాలం చేసింది. పావనికి పెళ్లయింది, పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆసుపత్రిలో మగపిల్లవాణ్ని కని మూడో రోజున ఇంటికి తెచ్చుకుంది. బంగారమ్మ నా మూత తీసింది. ఆరు చొక్కాలూ తెల్లగా, మడత చెదరకుండా ఉన్నాయి.

“ఇవి నీవేనే. ఒక్క సిల్లు పడ్లేదు సూడు” అంది కూతురితో. అవి ముందు ఎవరివో చెప్పలేదు.

పావని ఒక చొక్కా ముఖానికి ఆనించుకుంది. “అమ్మా, ఇదే మనింటి వాసన” అంది. నేను పొంగిపోయాను.

మూడు రోజులు తిరగకుండానే పిల్లవాడి కళ్లలో పసుపు కనిపించింది. సాయంత్రానికి పాలు తాగడం మానేశాడు. విప్పిన గుడ్డ మీద మూత్రం నల్ల టీ రంగులో ఉంది. అది చూసి బంగారమ్మ ఒక్క ఉదుటున వచ్చి కూతురి ఒళ్లోంచి బిడ్డను లాక్కుంది.

“పాలియ్యకే! పాలియ్యకు! నా రగతమే కదే నీకూ! ఇసమే, మనది ఇసమే!”

“ఏటమ్మా నువ్వు! బుర్ర పోయిందేటి?” పావని బిడ్డను తిరిగి తీసుకుంది. “నాన్నా, ఆటో పిలు!”

ఆసుపత్రిలో జరిగింది నేను చూడలేదు. పావని తరవాత ఎందరితోనో చెప్పగా, అక్షరం మారకుండా పదిసార్లు విన్నాను.

డాక్టరమ్మ బొంత విప్పింది. బిడ్డ రంగు చూసింది. వెంటనే చెయ్యి వేయకుండా ఆగి, బొంత అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఈ బట్టల్లో కలరా ఉండలు వేశారా?”

భయంలో కూడా బంగారమ్మకి ఆ మాట మెప్పులా వినిపించిందట. “ఏసినానమ్మా. ఇరవయ్యారేళ్ల నాటి బట్టలండి. పురుగు ముట్టలేదు” అంది.

“ముందు ఇవన్నీ తీసి బయట పెట్టండి. బిడ్డ ఒంటి మీద ఒక్క దారప్పోగు ఉండకూడదు!” అని డాక్టరమ్మ కేకేసింది. నర్సులు పరిగెత్తారు. బిడ్డను నీలం దీపాల కింద పెట్టారు. రక్తం మార్చారు.

ఆ మర్నాడు పరీక్షలు వచ్చాక తల్లినీ అమ్మమ్మనీ కూర్చోబెట్టి చెప్పింది. “కొన్ని కుటుంబాల్లో మగపిల్లల రక్తానికి పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. తల్లి వైపు నుంచి వస్తుంది. ఆడపిల్లలకి సాధారణంగా పెద్దగా ఏమీ కాదు. మామూలుగా ఈ మగపిల్లలూ బాగానే పెరుగుతారు. కానీ ఈ ఉండల ఆవిరి పీల్చినా, ఒంటికి పట్టినా లోపల రక్తం విరిగిపోతుంది. మీ ఇంట్లో ఇదివరకు మగబిడ్డ ఎవరైనా ఇలా పచ్చబడ్డాడా?”

బంగారమ్మ బెంచీ మీంచి జారి నేల మీద కూర్చుండిపోయింది.

“పాలు కాదా అమ్మా?”

“ఏ పాలు?”

“తల్లి పాలు. పాలు కాదా?”

“పాలకేం సంబంధం? బిడ్డ కాస్త తేరుకోగానే పాలే పట్టించాలి.”

“పాలు కాదా?” అని మూడోసారి అడిగిందట. అప్పుడు గానీ డాక్టరమ్మకి ఆ ప్రశ్న వెనక ఏముందో అర్థం కాలేదు. ఆవిడా వచ్చి నేల మీదే కూర్చుంది. మొత్తం విన్నాక, “ఆ బిడ్డ సంగతి ఇప్పుడు ఖాయంగా ఎవరూ చెప్పలేరు. ఇదే అయ్యుండొచ్చు. పాలు మాత్రం కాదు. ఆ మాట నేను రాసిస్తాను” అంది.

నా సంగతి చెప్పమంటే ఏం చెప్పను? రేకుకి గుండె లేదంటారు. పావని ఆ మాటలు మొదటిసారి చెప్పినప్పుడు నా మూత కీళ్లు బిగుసుకుపోయాయి. నేను పురుగు నుంచి బట్టను కాపాడాననుకున్నాను. ఏ వాసనను మనింటి వాసన అంటే నేను పొంగిపోయానో, ఆ వాసన ఒక పసివాడి రక్తాన్ని విరిచింది. బహుశా ఇద్దరిదీ. మధ్యలో ఆ తల్లి తన పాలను బూడిదలో పోసుకుంది. నాకు ముక్కు ఉంది, చెవులు ఉన్నాయి. నోరే లేదు. ఉన్నా ఏం చెప్పేదాన్ని? నాకూ తెలియదు.

ఆసుపత్రికి వెళ్లిన మూడో రోజు మధ్యాహ్నం బంగారమ్మ ఒక్కతే ఇంటికి వచ్చింది. నన్ను పెరట్లోకి ఈడ్చి బోర్లించింది. చీరలు, పంచెలు, చొక్కాలు అన్నీ నేల మీద పడ్డాయి. ఉండలు దొర్లుకుంటూ పోయాయి. అప్పల్సూరి పరిగెత్తుకొచ్చాడు.

“గుంటడికెలగుంది? ఏటే ఇది?”

“బతికీసినాడు” అంది. తరవాత అంతా చెప్పింది, ఒక ఉండను వేలితో చూపిస్తూ.

అతను ఆ ఉండను ఏరి చేతిలోకి తీసుకున్నాడు. “నానే తెచ్చినాను” అన్నాడు. “ఏటేటా తెచ్చినాను.”

“నువ్వు తెచ్చినావు, నాను ఏసినాను. ఇద్దరికీ తెలీదు. అది ఒగ్గీ.” ఆమె అతని వైపు తిరిగింది. “మీ అమ్మ నా పాలు ఇసమని అన్ననాడు గుమ్మంలో నిలబడి ఊరుకున్నావు. అప్పుడు కూడా తెలీదా?”

 అతని జవాబు కోసం ఆమె ఆగలేదు. ఉండలన్నీ ఏరి, గొయ్యి తీసి పూడ్చింది. బట్టలు నాలుగు నీళ్లలో ఉతికి నాలుగు రోజులు ఎండలో వేసింది. ఆరు చొక్కాలూ బొంతా మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అవి ఏం చేసిందో నాకు తెలియదు. వీధిలో కడుపుతో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి, “పసిగుంటల బట్టల్లో ఆ ఉండలెయ్యకండి. నా కొడుకు పోనాడు” అని చెప్పింది. ఆమె నోటి నుంచి ‘నా కొడుకు’ అన్న మాట వీధి వినడం అదే మొదలు.

ఇరవై ఒకటో రోజు బారసాల. నన్ను గాలికి మూత తెరిచి వీధరుగు మీద పెట్టారు. చుట్టాలొచ్చారు. అప్పల్సూరి అక్క సత్తెమ్మ పీట మీద సర్దుకుని కూర్చుని పావనితో, “పాలు జాగర్తే పిల్లా. మీ అమ్మ పాలు మంచివి కావు. మాయమ్మ ఉన్నాది కాబట్టి నువ్వు బతికినావు” అంది.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“దాని పాలు కావక్కా.” అది అప్పల్సూరి గొంతు. అంత మందిలో అతను అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. “నాను తెచ్చిన పొట్లం. డాక్టరమ్మ రాసిచ్చిన కాయితం ఉన్నాది, సదివిస్తాను, ఇనుకో. ఆ రోజు అమ్మ అన్న మాట తప్పు. నాను అడ్డు సెప్పలేదు. తప్పు నాది. ఈ ఇంట్లో ఆ మాట ఇంకెవులూ అనొద్దు.”

 కాసేపటికి పళ్లెంలో బియ్యం పరిచిన చప్పుడయింది. పావని ఉంగరంతో పిల్లవాడి పేరు రాసి, హర్షిత్ అని పైకి చదివింది. ఆడవాళ్లు అక్షింతలు వేయబోయారు.

“ఆగండి” అంది బంగారమ్మ. “ఇంకోటి రాయి, పావనీ. దాని పక్కనే.”

“ఏటి రాయనమ్మా?”

“సింహాద్రి. మొదటోడికి. కడుపులో ఉన్నప్పుడే అనుకున్నాను. పెట్టీలోగా పోనాడు.”

“శుభమా అని పేరెడతా పోనోళ్ల పేరేటి!” సత్తెమ్మ అంటుండగానే, “రాయి తల్లీ” అన్నాడు అప్పల్సూరి.

బియ్యంలో ఉంగరం మెల్లగా కదిలింది. అప్పుడు బంగారమ్మ ఏడుపు వినిపించింది. దాచుకోకుండా, పదిమంది మధ్యా, పచ్చి బాలింత ఏడ్చినట్టు.

ఆ వారంలోనే నా అడుగున మేకుతో కన్నాలు పొడిచి, ఎవరూ మళ్లీ బట్టలు పెట్టకుండా చేసి, పాత ఇనుము వాడికి ఇచ్చేశారు. వాడి కొట్టులో రేపో మాపో నన్ను చదును చేస్తారు. నాకేమీ బాధ లేదు. ఒక్కటే తలుచుకుంటాను. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో బంగారమ్మ తనకున్నదంతా నాలోనే దాచింది. సింహాద్రి అన్న ఆ పేరు మాత్రం నా దగ్గర పెట్టలేదు. దాన్ని ఏ ఉండా వేయకుండా తన దగ్గరే ఉంచుకుంది.