కార్జం కింది రాళ్లు

కోస్గి దగ్గరి ఆ పల్లెలో తెల్లవారగానే నీళ్లకు బయలుదేరిన ఆడవాళ్లు, బీరమ్మ గుడిసె రాగానే చంకలోని బిడ్డల మొహాల మీద కొంగు కప్పి గబగబా నడిచేవారు. ఆ బిడ్డల్లో చాలామందిని భూమ్మీదికి తెచ్చిన చేతులు మంత్రసాని బీరమ్మవే. పాఠకులారా, నిజాం ఏలుబడి చివరి రోజుల్లో మన పాలమూరు పల్లెల్లో ఇది వింతేమీ కాదు. ముసలితనం, వైధవ్యం, ఒంటరితనం కలిసి ఒక ఆడమనిషి మీద పడితే చాలు, ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా ఆమె బాణామతి అనే చేతబడి చేసిందనేవారు.

కొంగు కప్పకుండా నడిచేది నాగులమ్మ ఒక్కతే. అడ్డం తిరిగిన కాన్పులో తన ప్రాణం, బిడ్డ ప్రాణం కూడా నిలబెట్టిన మనిషిని చూసి భయపడటం ఆమెకు చేతకాలేదు.

తీరా రోగం వచ్చింది ఆ నాగులమ్మకే. కుడి డొక్క కింద పోటు లేచి వీపులోకి పాకేది. తిన్నదంతా కక్కుకునేది. కొన్నాళ్లకు కళ్లు పచ్చబడ్డాయి. భర్త మైసయ్య ఆకుపసరు పోయించాడు, చేతికి వాతలు పెట్టించాడు. చివరికి మంత్రగాడు గుర్వయ్య వచ్చి పొట్ట తడిమి, "కడుపుల రాళ్లు వెట్టింది. గిది బీరమ్మ పనే" అని తేల్చాడు. పళ్లు ఊడగొడితే మంత్రం పారదని ఊరి నమ్మకం. అమావాస్య నాడు బీరమ్మ పళ్లు ఊడగొట్టాలని చావడిలో తీర్మానించారు.

ఆ సంగతి తెలిసి కూడా బీరమ్మ నాగులమ్మను చూడటానికి వచ్చింది.

"బిడ్డా, నా పండ్లు పోతే పోనీ, గటుక తాగి బతుకుత. నీ కండ్లు జూస్తేనే నాకు బుగులైతాంది. పట్నం పెద్ద దవాఖానకు పో. నా మాట ఇను."

నాగులమ్మ భర్త చెయ్యి పట్టుకుంది. "నేను మళ్లొచ్చేదాంక ఆ అవ్వను ముట్టొద్దని పటేలుకు జెప్పు. లేకుంటే నేను మందు తాగ" అని మొండికేసింది. మైసయ్య వెళ్లి బతిమాలగా పటేలు సరేనన్నాడు.

బండిలో మహబూబ్‌నగర్‌కు, అక్కడి నుంచి రైల్లో పట్నానికి చేరారు. పెద్ద దవాఖానలో లీలమ్మ అనే డాక్టరమ్మ, ఏ కులమని అడగకుండానే నాగులమ్మ పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూసింది. ఆ చెయ్యి తగలగానే నాగులమ్మకు సగం ధైర్యం వచ్చింది. కళ్ల పసుపు విరిగేదాకా మంచం మీద ఉంచి, ఒకనాటి రాత్రి బిళ్లలు మింగించి, మర్నాడు పరగడుపున ఎక్స్‌రే తీయించింది. ఆ బిళ్లల మందు కార్జం, అంటే కాలేయం, గుండా వెళ్లి పైత్యపు పసరు నిలిచే తిత్తిలో చేరితే, ఫోటోలో ఆ తిత్తి తెల్లగా కనబడుతుందట.

డాక్టరమ్మ ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూపించింది. తెల్లని తిత్తిలో కందిగింజలంత నల్లని మచ్చలున్నాయి.

"గివన్నీ రాళ్లు. నీ నొప్పికి గివే కారణం."

మైసయ్య ఒక్క ఉదుటున లేచాడు. "గుర్వయ్య నిజమే జెప్పిండు! ముసలిది జేసిన పనే. ఊరికి పోయి దాని సంగతి జూస్త!"

ఇన్నాళ్లూ బీరమ్మను వెనకేసుకొచ్చింది నాగులమ్మే. ఆ క్షణాన ఆ అవ్వ మొహం తలచుకోవడానికి ఆమెకే భయమేసింది.

లీలమ్మ కోప్పడలేదు. ఫిల్ము మీద వేలు పెట్టింది. "జర ఆగు మైసయ్యా. గిది కార్జం. గిది దాని కింద ఉండే చేదుతిత్తి. అండ్లనే పసరు గట్టిపడి రాళ్లయినయి. బయటినుంచి ఎవలూ పెట్టలేరు."

ఊళ్లో చచ్చిన గొడ్లను ఒలిచేది మైసయ్యే. అతడు దగ్గరికి వచ్చి ఫిల్మును తేరిపార చూశాడు.

"గొడ్డుకు గూడ గీడనే ఉంటదమ్మా చేదుతిత్తి. ఎప్పుడన్న ఒకదాంట్ల రాయి దొరుకుతది. గోరోచనం అంటం. మందని అరగదీసి పసిపిల్లలకు నాకిస్తరు."

నాగులమ్మ మెల్లగా లేచి కూర్చుంది. "మరి ఆ గొడ్డుకు ఎవలు జేసిండ్రయ్యా బాణామతి?"

మైసయ్య గోడకు ఆనుకుని నేల మీద చతికిలబడ్డాడు.

ఆపరేషన్ అయింది. నాగులమ్మ కోలుకుంది. డాక్టరమ్మ ఆ రాళ్లను చిన్న సీసాలో వేసి ఇస్తే, సీసాను మైసయ్యకిచ్చి ఆమె చేతులనే కళ్లకద్దుకుంది.

ఊరు చేరి, చావడి ముందు మైసయ్య సీసా చూపగానే గుర్వయ్య, "జూసిండ్రా? నేను జెప్పలే?" అని మీసం దువ్వాడు. జనం బీరమ్మ గుడిసె వైపు కదిలారు. మైసయ్య వాళ్లకు అడ్డంగా నిలిచి పటేలుకు చేతులు జోడించాడు.

"నీ బాంచెను పటేలా, పోయినేడు మీ ఎద్దు చస్తే దాని కార్జం కాడ దొరికిన గోరోచనం మీ ఇంట్లనే ఇస్తి గద. దానికెవలు వెట్టిండ్రు రాయి? నా పెండ్లానికి గూడ గట్లనే పుట్టినయి."

పటేలు గుర్వయ్య వైపు చూశాడు. గుర్వయ్య తలపాగా సర్దుకుంటూ ఇంటిదారి పట్టాడు. "బీరమ్మ జోలికి ఎవడూ పోవద్దు" అన్నాడు పటేలు.

నాగులమ్మ గుడిసెకు వెళ్లి, మూలన ముడుచుకుని ఉన్న బీరమ్మను చెయ్యి పట్టి చావడి ముందుకు నడిపించుకొచ్చింది. అందరూ చూస్తుండగా ఆమె కాళ్లు మొక్కింది.

"అవ్వా, రాళ్లు తీసింది డాక్టరమ్మ. ఆమె కాడికి నన్ను తోలింది నువ్వు. మీ ఇద్దరి పుణ్యాన బతికిన."

ఆమె కళ్లు తుడుచుకుని ఊరివైపు తిరిగింది.

"రోగం నా కార్జం కింద ఉంటే మనం గీ అవ్వ గుడిసెల ఎతికినం. ఇగనుంచి ఎవలికి రోగమొచ్చినా దిక్కులేని ఆడదాని మీద నింద వెయ్యకుండ్రి, దవాఖాన తొవ్వ పట్టుండ్రి!"