నోస్కే బీరు, జ్వార్ గొట్టం

కోతల పండుగ భోజనానికి బీరు పోసే పని మా ఇంటిది. మా నాన్న ముప్పై ఏళ్లు పోశాడు. ఆయన పోయాక పంతొమ్మిదేళ్లుగా నేను పోస్తున్నాను. ఆస్ట్రేలియాలోని మా బరోసా లోయలో, జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన లూథరన్ క్రైస్తవుల మధ్య, ఇది చిన్న గౌరవం కాదు. మొదటి గ్లాసు పాస్టరు గారికి ఇవ్వాలి. ఆయన గుటక వేసి తల ఊపాకే మిగతావాళ్లు లేస్తారు.

పోయిన ఏడు ఆయన తల ఊపలేదు. గ్లాసు కిందపెట్టి, "నోస్కే, ఇది ఎవరి పుండు మీంచి తీసిన కట్టయ్యా?" అని అడిగారు.

నిజమే, బీరు మందుల షాపులా వాసన కొట్టింది. ఊరంతా పెద్దమ్మ అని పిలిచే ఎల్వా లిండ్నర్ మా భోజనాల సంఘానికి పెద్ద. వచ్చే ఏడు కూడా ఇలాగే ఉంటే పీపా క్లారీకి ఇచ్చేస్తామని ఆమె తేల్చేసింది. క్లారీ జ్వార్ నా బావమరిది. డబ్బాలో దొరికే పాకంలో నీళ్లు కలిపి దాన్ని బీరు అంటాడు. మా నాన్న పీపా వాడి చేతికి పోవడమంటే నేను బతికుండి చూడగలిగేది కాదు.

తప్పు ఎక్కడుందో నా భార్య వెర్నా కనిపెట్టింది. బీరు కాచడానికి నేను నీళ్లు పట్టింది తోట తడిపే పచ్చ గొట్టంతో. ఎండలో ఏళ్లతరబడి మాడిన గొట్టం, అందులో క్లోరిన్ నీళ్లు. ఆ నీళ్లకి తన గులాబీలే మొహం తిప్పుకుంటున్నాయంది.

దాంతో గొట్టాల వేట మొదలైంది. గొట్టాల దుకాణం ఆయన ఓపిగ్గా చెప్పాడు. మామూలు ప్లాస్టిక్ గొట్టం చవకే కానీ, బీరుకి కాచే బార్లీ రసం మరుగుతూ తగిలితే మెత్తబడి, పంపు లాగేసరికి లోపలికి అతుక్కుపోతుంది. సిలికాన్‌ది ఎంత వేడినైనా ఓర్చుకుంటుంది కానీ పీపాలోంచి బీరుని నెట్టే గ్యాసు ఒత్తిడికి ఆగదు. పీపా నుంచి కుళాయికి గట్టి గొట్టం వేరే ఉండాలి. ఆయన ఇంతా చెబితే నేను సగం విన్నాను.

మా ఊళ్లో రోడ్డుకి అటొకటి ఇటొకటి రెండు లూథరన్ చర్చిలున్నాయి. ఒకే బైబిలు, ఒకే పాటలు. ఎందుకు విడిపోయారో తాతలకు తెలుసేమో, మాకు తెలియదు. ఆ గొడవ నా షెడ్డులో కూడా ఎందుకని అన్నిటికీ సిలికాన్ గొట్టమే కొన్నాను. ఒకే దేవుడు, ఒకే గొట్టం. క్లారీ చూసి నవ్వాడు. పీపాకి అది పనికిరాదనీ, తన దగ్గర సరైనది ఉందనీ అన్నాడు. పీపా మీద కన్నేసినవాడి సలహా ఎవడు వింటాడు?

కాచిన రోజు అంతా చక్కగా జరిగింది. మరిగిన బార్లీ రసం ఆ గొట్టంలో హాయిగా పారింది. పులిశాక రుచి చూస్తే, వినయం మాట అటుంచి, బ్రహ్మాండంగా ఉంది.

పండుగ ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో బల్లలు వేశారు. మెట్‌వర్స్ట్ సాసేజీ, బంగాళాదుంపల సలాడ్, ఊరవేసిన దోసకాయలు. నేను పీపాకి గ్యాసు తిప్పాను. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను ఒక కన్ను మూశాను.

గొట్టం ఉబ్బుతోంది. మొదట వేలంత, తర్వాత సాసేజీ అంత. గ్యాసు కట్టెయ్యాలంటే ప్రార్థన మధ్యలో లేవాలి. మా నాన్న ఉంటే చెవి మెలిపెట్టేవాడు. పాస్టరు గారు గోధుమలకు, ద్రాక్షకు, వానకు కృతజ్ఞతలు చెప్పి గొర్రెల దగ్గరికి వచ్చారు. ప్రభువా, గొర్రెలకు వచ్చే ఏడు చెబుదాం అని నేనూ ప్రార్థించాను. ప్రభువు వినలేదో, విని నవ్వాడో నాకింకా తేలలేదు. పందుల దగ్గరికి వచ్చేసరికి గొట్టం ఊడింది. నురగ సగం పండుగ అలంకరణకి పేర్చిన గుమ్మడికాయల మీద, సగం క్లారీ ఒళ్లో పడింది.

ఎగిరి గ్యాసు కట్టేశాను. పాస్టరు గారు కాస్త ముందుగానే ఆమెన్ అనేశారు. ఆయన గ్లాసు ఖాళీగా ఉంది. ఎల్వా పెద్దమ్మ గోడ గడియారం చూస్తోంది.

క్లారీ ప్యాంటు తుడుచుకుంటూ వచ్చాడు.

"గొట్టం నా బండిలో ఉంది బావా. తేనా?"

"తేరా."

"ముందు ఒక మాట అను. క్లారీ చెప్పిందే నిజం అని. కొంచెం గట్టిగా, వెనక బల్లకి వినబడాలి."

అన్నాను. మా నాన్న ఫొటో ఆ గడియారం పక్కనే ఉంది. అటు చూడలేదు.

వాడి గొట్టం బిగించాను. తేనె రంగు బీరు, పైన తెల్లటి నురగ. పాస్టరు గారు గుటక వేసి ఆగారు. ఇంకో గుటక వేశారు.

"నోస్కే, ఇందులో సుగంధి వేశావా?"

నేను క్లారీ వైపు చూశాను. వాడు దోసకాయల వైపు చూశాడు. సండే స్కూలు పిల్లల పిక్నిక్‌లో అదే గొట్టంతో సుగంధి సోడా పోశాడట. ఆ ప్లాస్టిక్ ఎంత కడిగినా సుగంధిని వదలదట. ఆ సంగతి అప్పుడు చెప్పాడు.

నా పని అయిపోయిందనుకున్నాను. ఎల్వా పెద్దమ్మ లేచి పాస్టరు గారి చేతిలో గ్లాసు అందుకుంది. ఎనభై రెండేళ్లలో ఆమె బీరు ముట్టింది లేదు. మిగిలిందంతా తాగి, మూతి తుడుచుకుని, గ్లాసు నా వైపు చాపింది.

"మీ నాన్న పోసింది వాసనకే గుర్రాలకి పట్టే మందులా ఉండేది. ఇది మనుషులు తాగేలా ఉంది. నింపు."

ఆమె వెనక ఆడవాళ్లంతా వరస కట్టారు. పాస్టరు గారికి తల ఊపే తీరికే దొరకలేదు.

పీపా నా దగ్గరే ఉంది. కానీ గొట్టం మారిస్తే ఒప్పుకోనని పెద్దమ్మ షరతు. ఆ గొట్టమేమో క్లారీది. ప్రతి ఏడూ వాడింటికి వెళ్లి, క్లారీ చెప్పిందే నిజం అని గట్టిగా అని, అడిగి తెచ్చుకోవాలి. నా ఆత్మకి అది మంచిదని పాస్టరు గారు అంటున్నారు. బైబిల్లో ఎక్కడ రాసుందో వెతుకుతున్నాను. ఇంకా దొరకలేదు.